మారిషస్ నుంచి వచ్చిన ఎడమచెయ్యి

సత్యనారాయణపురం, విజయవాడ
12 జూన్ 2000

ప్రియమైన ఖాజా,

నన్ను తిట్టకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదువుతానని ముందు ఒట్టు పెట్టుకో. పెట్టుకున్నావా? సరే, విను.

నేను రిటైరై ఏడాదైంది కదా. కాలేజీలో ఫిజిక్సు పాఠం చెప్పే అలవాటు చావక, కుక్కరు ఎందుకు కూస్తుందో రోజూ మా కనకవల్లికి చెబుతున్నాను. మొన్న ఆవిడ విసిగిపోయి, "మీకు పుణ్యముంటుంది, రోజూ రెండు గంటలు ఎక్కడికైనా వెళ్ళి రండి" అంది. మా వీధి చివర కొత్తగా ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. అక్కడికి పోయాను. హరిచందన అని, డిగ్రీ పాసైన పిల్ల నడుపుతోంది. "కూర్చోండి తాతగారూ" అని నన్నొక కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. టెలిఫోను వైరులోంచి కీచుకీచుమని, గరగరమని ఏవో చప్పుళ్ళు. తరవాత తెర మీద ఒక బొమ్మ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగింది. ఏమిటనుకున్నావు? జర్మనీలో ఏదో ఊళ్ళో వయొలిన్లు చేసే ముసలాయన కొట్టు! గోడకి వేలాడే వయొలిన్లు, కింద పడిన చెక్కపొట్టు, బల్ల మీద ఉలి. ఆ ఉలి పిడి నీ ఉలి పిడిలాగే ఒక పక్కకి అరిగిపోయింది ఖాజా. ఆ ఊరి పేరు నేనెప్పుడూ వినలేదు. ఆయన బెజవాడ పేరు విని ఉండడు. అయినా చెప్పులు విప్పకుండానే ఆయన కొట్లోకి తొంగి చూసొచ్చాను.

ముప్ఫై ఎనిమిదేళ్ళు విద్యుత్తు గురించి పాఠం చెప్పినవాణ్ణి. అది ఇంత పని చేస్తుందని ఏ ఒక్కరోజూ అనుకోలేదు.

పోయినేడు నీ దగ్గర వీణ చేయించుకున్నవాళ్ళు నలుగురు. ఈ ఏడు ఇంతవరకు ఒక్కరు. ఎండబెట్టిన పనస దుంగలు అలాగే పడున్నాయని పోయిన ఉత్తరంలో నువ్వే రాశావు. ఆ జర్మనీ ఆయనకున్నట్టు నీ కొట్టుకీ వెబ్‌సైట్ కడతాను. నేనే కడతాను, నేర్చుకుంటున్నాను. నవ్వకు.

నీ
మూర్తి


నూజివీడు
19 జూన్ 2000

ప్రియమైన మూర్తీ,

నేను ఒట్టు పెట్టుకోలేదు. అయినా చివరిదాకా చదివాను, మా కోడలు నఫీసా ఎదురుగా నించుని చదివించింది కాబట్టి. "మామయ్యా, మూర్తిగారు చెబుతున్నారంటే ఏదో ఉంటుంది" అంటుంది. నీ సంగతి దానికేం తెలుసు? ఏడో తరగతిలో రేడియో తయారు చేస్తానని మా ఇంటి గడియారం విప్పిన ఘనుడివి నువ్వు. అది ఇప్పటికీ నడవట్లేదు.

అసలు సంగతికి వస్తాను. నా దగ్గరికి వీణకోసం ఎవరొచ్చినా ముందు నేనేం చేస్తాను? కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, వాళ్ళ ఎడమచెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుంటాను. వేళ్ళ పొడవు, బొటనవేలు ఎంత దూరం సాగుతుంది, అరచెయ్యి ఎంత వెడల్పు, అన్నీ తడిమి చూస్తాను. దాన్నిబట్టే దండి, అదే మెట్లుండే వీణ మెడ, దాని పొడవు, మందం. మీ కనకవల్లి చెల్లెమ్మకి చేసినప్పుడూ అంతే కదా. చెయ్యి చూడకుండా చెక్క ముట్టుకోవద్దని మా నాన్న నేర్పాడు.

ఆయన ఒకేఒక్కసారి ఆ మాట తప్పాడు. మద్రాసు నుంచి ఎవరో పెద్దాయన మనిషిని పంపించి తొందరపెడితే, చెయ్యి చూడకుండానే చేసి పంపాడు. నెల తిరక్కుండా వీణ వెనక్కి వచ్చింది, వేళ్ళు అందడం లేదని. నాకప్పుడు పదిహేడేళ్ళు. మా నాన్న ఉలి కడిగి, తుడిచి నా చేతిలో పెట్టాడు. బతికినంత కాలం మళ్ళీ పట్టుకోలేదు. ఆ రోజే నేను అనుకున్నాను, నా చేతి వీణ ఒక్కటి వెనక్కి వచ్చినా నేనూ అంతే చేస్తానని. అల్లా దయవల్ల ఇంతవరకు రాలేదు. నా తరవాత ఈ ఉలి పట్టేవాళ్ళు ఎవరూ లేరు. మా అబ్బాయి షబ్బీర్‌కి హనుమాన్ జంక్షన్లో లారీ ఆఫీసు తప్ప ఇంకేదీ పట్టదు. నేను ఉలి దించితే ఈ కొట్టు మూతపడ్డట్టే.

ఇప్పుడు చెప్పు. నీ వైరులోంచి వచ్చేవాడి చెయ్యి నేనెట్లా పట్టుకోవాలి?

కట్టుకుంటానంటే కట్టుకో, ఊరికే ఉండి చెల్లెమ్మ ప్రాణం తియ్యకుండా. చెయ్యి చూడందే మాత్రం వీణ చెయ్యను.

ఉలి పక్కన పెట్టి రాసిన
ఖాజా మొహిద్దీన్


విజయవాడ
20 ఆగస్టు 2000

ప్రియమైన ఖాజా,

అయింది! నిన్న సాయంత్రం నాలుగింటికి నీ కొట్టు ప్రపంచంలోకి వెళ్ళింది.

ఎంత తంటాలు పడ్డానో నీకు చెప్పాలి. ఇదంతా గుర్తులతో రాయాలి. ఒక గుర్తు తెరిస్తే దాన్ని మళ్ళీ మూయాలి. ఒకటి మూయడం మర్చిపోయాను. పేజీ మొత్తం, నీ పేరుతో సహా, ఒక పక్కకి ఒరిగిపోయిన అక్షరాల్లో వచ్చింది. ఎక్కడ తప్పో తెలియక మూడు రోజులు కొట్టుకున్నాను. హరిచందన వచ్చి ఒక్క మీట నొక్కింది. అక్షరాలన్నీ లేచి నిటారుగా నించున్నాయి. ఆ పిల్లకి దణ్ణం పెట్టబోతే, "అయ్యో తాతగారూ" అని పారిపోయింది. కంప్యూటరుకి తెలుగు సరిగ్గా రాదు, అందుకని "నూజివీడు వీణ" అని నా చేత్తో కాగితం మీద రాసి, దాన్ని ఫోటోగా పెట్టాము. నా దస్తూరీ ఇప్పుడు లోకమంతా ఉంది.

నీ చిక్కుకి కూడా దారి దొరికింది. వీణ కావలసినవాళ్ళు ఎడమచెయ్యి తెల్లకాగితం మీద ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ కాగితాన్ని స్కానర్ మీద పెట్టి నాకు పంపాలి. స్కానర్ అంటే కాగితం మీద ఉన్నదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే పెట్టె. ఆ చెయ్యి నేను ఇక్కడ కాగితం మీదికి దించి నీకు పోస్టు చేస్తాను. ఏమంటావు?

పేజీ అడుగున ఒక లెక్క కూడా ఉంది. ఎంతమంది వచ్చి చూశారో అదే చెబుతుంది. ఈ ఉదయానికి నలభై ఒక్కరు నీ కొట్టుకి వచ్చి వెళ్ళారు!

నీ
మూర్తి


నూజివీడు
3 సెప్టెంబరు 2000

ప్రియమైన మూర్తీ,

నలభై ఒక్కమందా! ముందుగా చెబితే నీ సొమ్మేం పోయింది? నీ ఉత్తరం అందేటప్పటికి నేను చిరుగుల బనీనుతో కొట్టు ముందు కూర్చుని ఉన్నాను. నఫీసా దండెం మీద ఇంటిల్లిపాది బట్టలూ ఆరేసింది. వెంటనే అన్నీ తీయించాను. బయటంతా ఊడ్పించి, నీళ్ళు చల్లించి, పెళ్ళిళ్ళకి తొడుక్కునే చొక్కా తొడుక్కుని రోజంతా తలుపుకేసి చూస్తూ పని చేశాను. సాయంత్రం షబ్బీర్ వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. వాళ్ళు చూసేది నన్ను కాదట, నువ్వు ఎప్పుడో తీసిన ఫోటోనట. ఆ ముక్క నువ్వు రాయొద్దూ?

షబ్బీర్ మొన్న ఏలూరు తీసుకెళ్ళి అక్కడి ఇంటర్నెట్ సెంటర్లో నా కొట్టు చూపించాడు. చూశాను. నేనేమో ఏలూరులో ఉన్నాను, నా కొట్టు ఆ పెట్టెలో ఉంది, నా ఉలీ ఉంది, మా నాన్న కూర్చున్న పీటా ఉంది. "ఇది ఇప్పుడు ఢిల్లీలో కూడా కనిపిస్తుందా?" అని అక్కడివాణ్ణి అడిగాను. "ఢిల్లీ ఏం ఖర్మ సాయిబుగారూ, లండన్లో కూడా" అన్నాడు. మా నాన్న బందరు దాటి ఎరగడు. ఆయన పీట లండన్లో కనిపిస్తోంది. ఇంటికొచ్చి ఆ పీటని చాలాసేపు చూశాను.

ఒక్క తప్పుంది. ఫోటోలో గోడమీది క్యాలెండరు జులై చూపిస్తోంది. ఇది సెప్టెంబరు. కొట్టు మూసేసి పోయామనుకుంటారు జనం. నేను ఇక్కడ కాగితం తిప్పాను, నువ్వు అక్కడ తిప్పు.

మంచి చొక్కా విప్పేసిన
ఖాజా


విజయవాడ
25 సెప్టెంబరు 2000

ప్రియమైన ఖాజా,

వచ్చింది! చెయ్యి వచ్చింది!

ఎక్కణ్ణుంచో చెబితే కుర్చీలో గట్టిగా కూర్చుంటావు. మారిషస్ నుంచి. ఆఫ్రికా పక్కన సముద్రం మధ్యలో దీవి. పేరు పార్వతి అప్పలసామి. వాళ్ళ ముత్తాతల్ని తెల్లవాళ్ళు చెరుకు తోటల్లో పనికి ఓడ మీద తీసుకుపోయారట. అప్పట్నుంచీ అక్కడే. తెలుగు చదవడం రాదు, నాయనమ్మ దగ్గర విన్న మాటలు కొన్ని వచ్చు. ఇంగ్లీషులో రాసింది. ఎరువు తెచ్చుకున్న వీణ మీద ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోందట. నీ పేజీలో వీణ బొమ్మ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చుందట ఖాజా. తెర మీద చెయ్యి పెట్టుకుంది! నేను ఆ వాక్యం హరిచందనకి రెండుసార్లు చదివి వినిపించాను.

నేర్చుకుంటోందంటే చిన్నపిల్లే అయి ఉంటుంది. చెయ్యి చూస్తే నీకే తెలుస్తుంది, చిన్న చెయ్యి. ఆ అమ్మాయి ఉత్తరం పైన, చెయ్యి కింద, రెండూ ఒకే కాగితం మీద దించి దీనితో పంపుతున్నాను. మడత పడకుండా అట్టముక్కలు పెట్టాను.

రేపు నేనూ కనకవల్లీ కాశీ వెళ్తున్నాం. వచ్చేసరికి మూడు వారాలు. ఈలోగా ఏమైనా ఉంటే సెంటర్లో హరిచందనకి కబురు చెయ్యి.

ఆనందం పట్టలేని
మూర్తి


నూజివీడు
10 జనవరి 2001

ప్రియమైన మూర్తీ,

వీణ వెళ్ళింది. మొన్న షబ్బీర్ జంక్షన్లో దగ్గరుండి మద్రాసు లారీ ఎక్కించాడు. అక్కణ్ణుంచి ఓడ. నువ్వు చూసి ఉంటే బాగుండేది. నాదం పలికే గుండ్రటి కుండా, దండీ రెండూ ఒకే దుంగలోంచి తీశాను. ఈ మధ్య అట్లా ఎవరూ చేయించుకోవడం లేదు, చెయ్యడానికి నాకూ ఓపిక చాలడం లేదు. ఈ ఒక్కదానికీ వచ్చింది. మెట్లకి మైనం పోసేరోజు నఫీసా పసిపిల్లని ఎత్తుకుని పక్కనే కూర్చుంది.

ఆ చెయ్యి కాగితాన్ని మూడు నెలలు ఎదురుగా గోడకి పెట్టుకున్నాను. వాళ్ళ పెద్దలు పోయిన సముద్రం మీదే నా చెక్క పోతోంది. మనూళ్ళ నుంచి పోయినవాళ్ళు తిరిగి రాలేదు. పోయిన దారినే వాళ్ళ మనవరాలికి ఇక్కణ్ణుంచి ఒకటి పోతోంది. ఇదంతా నీ గరగర వైరు పనేనా? తలుచుకుంటే దిమ్మ తిరుగుతోంది. ఇంక నిన్ను గడియారం సంగతి ఎత్తి తిట్టను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఖాళీ చేతులతో కూర్చున్న
ఖాజా


విజయవాడ
2 ఫిబ్రవరి 2001

ఖాజా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. నేను నీకు తీరని అన్యాయం చేశాను.

మొన్న పార్వతి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వీణకోసం రోజులు లెక్కపెడుతున్నానని రాస్తూ, "నలభై ఆరేళ్ళ వయసులో వీణ పట్టుకున్నానని మా బళ్ళో పిల్లలు నవ్వుతున్నారు" అంది. పిల్ల కాదురా ఆవిడ, టీచరు! మరి అంత చిన్న చెయ్యి ఎలా వచ్చింది? పరుగెత్తుకెళ్ళి హరిచందన చేత ఆ చెయ్యి ఒక్కదాన్నే మళ్ళీ కాగితం మీద తీయిస్తే, ఇంకా పెద్దదిగా వచ్చింది. అప్పుడు తెలిసింది. ఉత్తరమూ చెయ్యీ ఒకే కాగితంలో ఇరికించమన్నది నేనే. రెండూ పట్టాలని మిషను చేతిని కుదించేసింది. అది కుదించిన సంగతి ఎవరికీ చెప్పదు. నేనూ చూసుకోలేదు. కొలతలు వెయ్యలేదని ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లల దగ్గర మార్కులు కోసినవాణ్ణి, కొలత లేని బొమ్మని నీకు పంపాను.

నువ్వు మూడు నెలలు, లేని ఓపిక తెచ్చుకుని చిన్నపిల్ల వీణ చేశావు. అది సముద్రం మీద ఉంది. వెళ్తుంది, ఆవిడ ఒళ్ళో పెట్టుకుంటుంది, వేళ్ళు ఇరుక్కుంటాయి. వెనక్కి పంపుతుంది. మీ నాన్నగారికి జరిగింది నావల్ల నీకు జరగబోతోంది. అన్నం సహించడం లేదు.

నీ పేజీ తీసేశాను. ఇంకెవరి చెయ్యీ నా ద్వారా నీకు రాకూడదు. నిన్ను చూడ్డానికి రావాలంటే మొహం చెల్లడం లేదు.

మూర్తి


నూజివీడు
6 ఫిబ్రవరి 2001

ప్రియమైన మూర్తీ, ఒరేయ్ పిచ్చి మాస్టారూ,

ముందు అన్నం తిను. తిన్నాక మిగతాది చదువు.

నువ్వు పంపిన కాగితం చూడగానే నాకు ఏదో తేడా కొట్టింది. కొలతకి ఎనిమిదేళ్ళ పిల్ల చెయ్యి. కానీ పిల్లల చెయ్యి అట్లా ఉండదురా. పిల్లలకి అరచెయ్యి గుండ్రంగా బొద్దుగా ఉంటుంది, వేళ్ళు పొట్టిగా ఉంటాయి. ఇదేమో పొడుగు వేళ్ళు, కణుపుల దగ్గర ఉబ్బు, చిటికెన వేలు కాస్త లోపలికి వంగింది. సుద్దముక్క పట్టిన చెయ్యో చీపురు పట్టిన చెయ్యో, మొత్తానికి పెద్దమనిషి చెయ్యి. మరి ఇంత చిన్నది ఎందుకుంది? దారిలో ఎక్కడో కుంచించుకుపోయి ఉండాలి. ఎంత కుంచించుకుపోయింది? అది కదా తెలియాలి.

అప్పటికి మీరిద్దరూ కాశీలో ఉన్నారు. నేను బస్సెక్కి బెజవాడ వచ్చాను. అవును, నేనే. నీ ఇంటర్నెట్ సెంటర్ వెతుక్కుంటూ పోయాను. ఆ హరిచందన బంగారు తల్లి. "అమ్మా, మారిషస్ ఆవిడ చెయ్యి ఎట్లా దించారో, నా చెయ్యీ అట్లాగే దించు, పైన ఉత్తరం కూడా పెట్టు" అన్నాను. ఎందుకని అడగలేదు. నీకు చెప్పొద్దన్నాను, చెప్పలేదు. కాగితం మీద నా చెయ్యి గీసుకుని ఇవ్వబోతే, "చెయ్యే పెట్టండి సాయిబుగారూ, పరవాలేదు" అంది. ఆ స్కానర్ అద్దం మీద నా ఎడమచెయ్యి పెట్టాను. కింద నుంచి తెల్లటి వెలుగు ఒకటి మెల్లగా పాకుతూ పోయింది మూర్తీ. ఒక చివర మొదలై వేళ్ళన్నీ దాటుకుంటూ ఆ చివరికి. నేను ఇన్నేళ్ళుగా జనం చేతులు తడిమి చూస్తున్నాను. నా చెయ్యి అట్లా తడిమి చూసింది మా నాన్న తరవాత ఆ వెలుగే. నించున్నవాణ్ణి నించున్నట్టే ఉండిపోయాను. ఆ పిల్ల "అయిపోయిందండీ, తీసెయ్యొచ్చు" అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

కాగితం బయటికొచ్చింది. నా చెయ్యి, నాలుగింట మూడొంతులే ఉంది. నా చెయ్యి అసలు ఎంతో నాకు తెలుసు కదా! బస్సులోనే లెక్క కట్టుకున్నాను. ఆ మేరకి ఆవిడ చెయ్యి పెంచుకుని, దాని ప్రకారం దండి తీశాను. చిన్నపిల్ల వీణ నేనేమీ చెయ్యలేదు.

అప్పుడే నీకెందుకు చెప్పలేదంటావా? నీ ఉత్తరంలో ఆ సంబరం చూశాక దాని మీద నీళ్ళు చల్లడానికి నాకు చెయ్యి రాలేదు. కాశీ నుంచి వచ్చాక చెబుదామనుకున్నాను, పనిలో పడి మర్చిపోయాను. ఇంతలా ఏడుస్తావని తెలిస్తే మొదటిరోజే రాసేవాణ్ణి. తప్పు నాది.

అయితే ఒక మాట. చెయ్యి పట్టుకుని చూడకుండా నేను వీణ చెయ్యడం ఇదే మొదలు. లెక్క సరిగ్గానే కట్టాననుకుంటున్నాను. నిజంగా సరిపోతుందో లేదో నాకూ తెలియదు. వెనక్కి వస్తే ఉలి దించుతానన్న మాట మాటే. దానికి బాధ్యుణ్ణి నేను, నువ్వు కాదు. నువ్వు ఆ పేజీ మళ్ళీ తెరువు. వీణ ఒడ్డుకి చేరేరోజు ఆవిడ చూస్తే నా కొట్టు అక్కడ ఉండాలి.

నీ మీద కోపంగా ఉన్న
ఖాజా


విజయవాడ
18 మార్చి 2001

ప్రియమైన ఖాజా,

నీ ఉత్తరం అందిన పూటే పేజీ తెరిచాను. నెల రోజుల నుంచీ రోజూ పొద్దున్నే వెళ్ళి ఉత్తరాలు చూసుకుంటున్నాను. ఏమీ లేదు. ఈ నెలలో నేను ఎన్ని దేవుళ్ళకి మొక్కానో నీకు చెప్పను. మీ దర్గాకి కూడా మొక్కాను.

ఇవాళ వచ్చింది.

ఉత్తరంలో మాటలు తక్కువ. దానితోపాటు పాటేదో పంపింది, ధ్వనిని కూడా ఈ వైరులో పంపవచ్చట. అది దిగడానికి యాభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి లైను తెగింది, మళ్ళీ మొదట్నుంచీ. హరిచందన సెంటర్లో ఉన్నవాళ్ళందరినీ బతిమాలి మిగతా కంప్యూటర్లు ఆపించింది, తొందరగా దిగుతుందని. నేను కబురు చేస్తే కనకవల్లి పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చింది. ఎవరూ కూర్చోలేదు. అందరం ఆ రెండు చిన్న స్పీకర్ల ముందు నించున్నాం.

మోగింది ఖాజా. సముద్రం అవతల నీ పనస చెక్క మోగింది. ముందు షడ్జమం. తరవాత పంచమం. తరవాత నెమ్మదిగా, తప్పటడుగులతో వరసలు, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. కనకవల్లి కళ్ళు మూసుకుని వింది. ఆవిడకి ఆ చెవి ఉందని నీకు తెలుసు. అయ్యాక నాతో అంది: "వేళ్ళు ఎక్కడా ఇరుక్కోవడం లేదు, ఎక్కడా సాగదీసుకోవడం లేదండీ. కొత్త చెయ్యి కాబట్టి తడబడుతోంది గానీ, వీణ ఆ చేతికి సరిగ్గా సరిపోయింది. అన్నయ్యకి రాయండి." రాస్తున్నాను. ఉలి దించకు.

నేను ఫిజిక్సు వాణ్ణి. ధ్వని ఎలా ప్రయాణిస్తుందో తెలుసు. వైరులో ఎలా వెళ్తుందో కూడా ఇప్పుడు నేర్చుకున్నాను. వాటికి లెక్కలు ఉన్నాయి. కాగితం మీద చెయ్యి గీత చూసి ఇది పిల్లది కాదు అని కనిపెట్టడానికి మాత్రం నా దగ్గర ఏ లెక్కా లేదు. జర్మనీ ముసలాయన కొట్టు చూసి అరగంట నోరు తెరుచుకుని ఉండిపోయాను ఆ రోజు. ఏడో తరగతి నుంచీ నువ్వు నా పక్కనే ఉన్నావు, నిన్ను ఇన్నాళ్ళూ నేను సరిగ్గా చూడనే లేదు.

ఆవిడ ఉత్తరం తెలుగు చేసి రాస్తాను. "వీణ ఒళ్ళోకి తీసుకోగానే ఎవరో నా చెయ్యి పట్టుకున్నట్టయింది. మా నాయనమ్మ పోయాక మీ దేశం వైపు నుంచి నా చెయ్యి పట్టుకున్నది ఈయనే. ఇది నేను ఎవ్వరికీ ఇవ్వను. నాది ఒక్క కోరిక. నా చెయ్యి ఆయన దగ్గర ఉంది కదా, ఆయన చెయ్యి కూడా కాగితం మీద నాకు పంపించండి. వీణ పక్కన గోడకి పెట్టుకుంటాను."

అందుకని శనివారం పొద్దున బస్సుకి వచ్చెయ్. హరిచందన కుదించకుండా, ఉన్నదున్నట్టు తీస్తానంది. మేం పంపాల్సింది ఎడమచెయ్యా కుడిచెయ్యా అని ఆవిడకి రాసి అడిగాను. గంటలో జవాబు వచ్చింది, రెండూ కావాలట.

నీ
మూర్తి